నది నడుమ కుర్చీ

ఈ ఎండాకాలం గోదారి ప్రాజెక్టులో నీళ్లు బాగా తగ్గాయి. నిజామాబాదులో మా పై వాటాలో అద్దెకుంటున్నవాళ్లు ఒక ఆదివారం కారు తీసి, "అమ్మా, మునిగిపోయిన మీ ఊరి గుండు బయటపడిందట, చూసొద్దాం రండి" అన్నారు. ఏళ్లుగా నేను ఎక్కడికీ పోవడం లేదు. కాదనడానికి కూడా ఓపిక కావాలి. అది లేక వెళ్లాను. నందిపేట్ దాటి, పసుపు తవ్విన చేలు దాటి, బురద ఎండి నెర్రెలిచ్చిన చోట కారు ఆపారు. దూరంగా నీళ్ల నడుమ నల్లటి రాయి ఒకటి, దాని మీద రెండు కొంగలు. పిల్లలు ఫోటోలు తీసుకున్నారు. "ఇంతేనా?" అన్నాడు చిన్నవాడు. ఇంతే అన్నాను. అంతకంటే చెప్పాలంటే అక్కడ నిలబడి చెప్పగలిగేది కాదు. కూర్చుని రాస్తున్నాను.

నాకు అప్పుడు పదకొండేళ్లు. మేము బోధన్‌లో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. చెరుకు ఆడే కాలమంతా ఊరి మీద చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన కమ్ముకుని ఉండేది. అన్నంలో, ఆరేసిన బట్టల్లో, చివరికి దేవుడి ముందు అగరొత్తిలో కూడా అదే వాసన. చెరుకు బండ్లు మా వీధి చివరిదాకా వరుస కట్టి నిలబడేవి. వీధిలో పిల్లలందరూ బండి వెనకనుంచి గడలు లాగి పరుగెత్తేవాళ్లు. నాకు ఆ భాగ్యం లేదు. "మన ఇంటి పిల్ల బండ్ల ఎనక ఉరకదు" అనేవాడు బాపు. ఉరకకుండా, మెల్లగా నడుచుకుంటూ పోయి లాగడం నేను నేర్చుకున్నాను. ఆ సంగతి మా మేనత్తకు తెలుసు. అత్తమ్మ బాపుకు అక్క, చిన్నప్పుడే విధవరాలై పుట్టింటికి చేరింది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. నేను గడ తెస్తే సగం విరిచి తనూ తినేది.

మాకు గోదారి ఒడ్డున కోటలాంటి గడీ ఉండేది. కౌలు చట్టం వచ్చాక భూములు దున్నేవాళ్లకు పోయాయి. న్యాయమో అన్యాయమో తేల్చడం నా పని కాదు. గడీ పైకప్పు కూలాక సామాను ఒక్కొక్కటే పోయింది. మిగిలింది మా తాత కూర్చున్న నల్లచేవ కుర్చీ. బాపు అందులో తప్ప ఎక్కడా కూర్చునేవాడు కాదు. ఎవరింటికైనా పోతే నిలబడే మాట్లాడి వచ్చేవాడు. ఆయన నడుము వంగడం నేను చూడలేదు. చెప్పు జారితే కాలితోనే సర్దుకునేవాడు.

భూములు పోయినా ఒక మర్యాద మిగిలింది. గోదారి నడుమ ఆ గుండు మీద చిన్న శివుడి గుడి, పక్కన లోతైన మడుగు ఉండేవి. అందులో వల వేయకూడదని మా ముత్తాత కట్టడి చేశాడట. అక్కడి చేపలు శివుడివి. శివరాత్రి తెల్లారి రెండు ఒడ్ల జనమూ గుండు మీద చేరి చేపలకు ప్యాలాలు వేసేవాళ్లు. మొదటి పిడికిలి మా ఇంటిది. అది పడేదాకా మరెవరూ ఒక్క గింజ వేయరు. మా ఇంట్లో ఎవరూ ఒక్క మెతుకు ముట్టరు.

బోధన్ వచ్చాక రెండేళ్లు బాపు పోలేదు. మా పేరు చెప్పి పూజారి వేశాడు. మూడో ఏడు మాఘమాసంలో, పుట్టి నడిపే బెస్త ముసలాయన ఒకడు కందగడ్డల మూటతో మా గుమ్మం ముందు దిగాడు. పుట్టి అంటే వెదురుతో గంపలా అల్లి కింద తోలు కట్టిన గుండ్రటి పడవ. నేను ఆయనను పుట్టి తాత అనేదాన్ని. బాపు మాత్రం ఏనాడూ ఆయనను వరస పెట్టి పిలవలేదు. "ఏమోయ్" అనేవాడు.

"దొరా, ఈసారి పంచాయితి కూసుంది" అన్నాడు పుట్టి తాత గడప బయట గొంతుక్కూర్చుని. "పొద్దు నెత్తిమీదికి వచ్చేదాంక సూస్తరట. పెద్దింటోళ్లు రాకుంటె మొదటి పిడికిలి కొత్త సర్పంచుది. ఇగ ఆ ఇంటికే ఖాయం."

కొత్త సర్పంచు తండ్రి ఒకప్పుడు మా కౌలుదారు. ముందు అత్తమ్మే అంది: "ఖాయమంటె ఎన్నేండ్లు? ప్రాజెక్టోళ్లు రాళ్లు పాతి పోయిండ్రు గద. రేపో మాపో గుండు, గుడి అన్నీ నీళ్లల్ల పాయె. మునిగేదానికి మర్యాదేంది తమ్మీ?"

"మునిగినా మన పేరు మీద మునగాలె అక్కా" అన్నాడు బాపు.

అలా బయలుదేరాం. కుర్చీతో సహా. బస్సు పైన కుర్చీ కట్టిస్తుంటే కండక్టరు బాపును ఎగాదిగా చూశాడు. "లోపల సీట్లున్నయి సార్. ఇంట్లకెల్లి తెచ్చుకున్నవెందుకు?" బాపు వినిపించుకోలేదు. దారంతా నిలబడే వచ్చాడు. నందిపేట్‌లో దూరపు చుట్టాలింట్లో జాగారం చేసి, తెల్లవారగానే బండి మీద గోదారికి చేరాం. బండిలో కుర్చీ, కుర్చీ మీద బాపు, కింద గడ్డిలో మేమిద్దరం.

ఏటి గాలిలో తడి ఇసుక వాసన, ఎక్కడో కాలుతున్న తుంగ వాసన, పుట్టి తోలు వాసన. చేపనూనె రాసిన ఆ తోలు వాసనకి నేను ముక్కు మూసుకున్నాను. రాత్రంతా ఉపవాసం. నా ఒడిలో జొన్నప్యాలాల సంచి. రెండు గింజలు నోట్లో వేసుకున్నానో లేదో అత్తమ్మ నా దవడ పట్టుకుంది. "చేపలకన్న ముందు తింటే చేపవై పుడతవ్."

"పుడితే మడుగుల పుడత. ప్యాలాలు దొరుకుతయి" అన్నాను. ఆవిడకు నవ్వొచ్చింది. బాపు ఉన్నాడని ఆపుకుంది.

గొడవ పుట్టి దగ్గర మొదలైంది. గడీ ఉన్న కాలంలో కట్టె పడవ ఉండేది, అందులో మా ఇంటివాళ్లకు ఎత్తు పీట ఉండేది. ఇప్పుడు పుట్టి తప్ప ఏమీ లేదు. పుట్టిలో అడుగున, మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చోవాలి.

"కుర్చీ పెట్టు" అన్నాడు బాపు.

పుట్టి తాత నెత్తి గోక్కున్నాడు. "దొరా, పుట్టేమో గుండ్రం. కుర్సీకేమో నాలుగు కాళ్లు. రెంటికి పొత్తు కుదరదు."

"మా ఇంటోళ్లు నీళ్ల మీద కూడ కింద కూసోలేదు. ఆ గుండు మీద జాతరంత చూస్తుంటది. గంపల కోడిలెక్క దిగాల్నా?"

పుట్టి తాత గట్టిగా కాదనలేదు. దొరను కుర్చీ మీద కూర్చోబెట్టి తీసుకుపోవడం ఆయనకూ లోపల సరదాగానే ఉండి ఉంటుంది. "ఏం కాదు దొరా, నేనున్న గద. ఈ గోదాట్ల మొసలి నన్ను సూస్తె జరుగుతది" అని కోతలు కోస్తూ, అడుగున గోనెసంచి మడిచి వేసి, దాని మీద కుర్చీ నిలబెట్టాడు.

అట్లా తేలాం. పుట్టి తిన్నగా పోదు, తిరుగుతూ పోతుంది. ఒడ్డు ముందుకు వస్తుంది, వెనక్కి పోతుంది, మళ్లీ వస్తుంది. నడుమ బాపు నిటారుగా, చేతులు కుర్చీ చేతుల మీద ఆనించి, ఒక్కోసారి ఒక్కో దిక్కుకు దర్శనమిస్తూ తిరిగాడు. ఆయన కళ్లు మాత్రం గుండు మీదే ఉంచాలని మెడ తిప్పుకునేవాడు.

నేను నీళ్లలోకి చూశాను. నీళ్లు అంత తేటగా ఉంటాయని నాకు తెలియదు. అడుగున ఇసుక అలలు అలలుగా, వాటి మీద మా పుట్టి నీడ, నీడ అంచున చిన్న చేపల గుంపు. ఎటు తిరిగితే అటు అవీ తిరిగేవి. మెత్తటి వీపు తాబేలు ఒకటి గొట్టంలాంటి సన్నటి మూతి పైకెత్తి, మమ్మల్ని చూసి, నచ్చక మునిగింది. ఎగువ గడ్డిలోంచి బాతులు లేచాయి. ఊరి బాతులు కావవి. బూడిదరంగు ఒళ్లు, తెల్లటి తల మీద రెండు నల్ల గీతలు. వందలు. వాటి అరుపులకు నీళ్లు వణికినట్టనిపించింది. "మంచుకొండల అవతలకెల్లి వస్తయట" అన్నాడు పుట్టి తాత. "పండుగ దాటితె ఎల్లిపోతయి. మనలెక్క గాదు, ఏడ చల్లగుంటె ఆడ."

అప్పుడు నీటికుక్కలు వచ్చాయి. ముందు ఒక తల. తడిసిన మీసాలు, గుండ్రటి కళ్లు. దాని వెనక మరో మూడు. ఒకటి చేపను రెండు చేతులతో పట్టుకుని, వెల్లకిలా తేలుతూ, మొక్కజొన్న కంకి తిన్నట్టు తింటోంది. నేను కేక వేశాను. ఇంకొకటి పుట్టి పక్కనే లేచి నా ముఖంలోకి తుమ్మింది.

బాపు చూడకూడదనుకున్నాడు గాని చూశాడు. తల తిప్పలేదు, నడుము వంచలేదు. కుర్చీతో పాటే పక్కకు ఒరిగాడు. గోనెసంచి జారింది. కుర్చీ కాలు ఒకటి వెదురు అల్లిక సందులో దిగబడి, తోలు చీల్చుకుని కిందికి పోయింది. సన్నటి ఊటలాగా నీళ్లు లేచాయి.

"అయ్యో నా పుట్టి!" అన్నాడు పుట్టి తాత. మొసలిని బెదిరించే మనిషి ముఖం తెల్లబోయింది. తెడ్డు నాలుగు బాదులు బాది నది నడుమనున్న ఇసుక దిబ్బకు చేర్చాడు. మేం దిగేసరికి పాదాలు మునిగే నీళ్లు. ప్యాలాల సంచి నేను నెత్తికెత్తుకోబట్టి దక్కింది.

కుర్చీని ఇసుక మీద నిలబెట్టారు. బాపు అందులో కూర్చున్నాడు. చుట్టూ గోదారి. ఎదురుగా గుండు. దాని మీద మనుషులు కనిపిస్తున్నారు, ముఖాలు కనిపించడం లేదు. డప్పు చప్పుడు గాలిని బట్టి వచ్చిపోతోంది.

పుట్టి తాత పుట్టిని బోర్లించి ముందూ వెనకా చూశాడు. అతుకు వేయడానికి తారు లేదు, తోలు లేదు. అత్తమ్మ ఇసుకలో చెలిమె తోడి నాకు నీళ్లు తాపింది. అవి తియ్యగా, చల్లగా ఉన్నాయి. పిల్లలకు దిగులు ఎక్కువసేపు నిలవదు. నేను దిబ్బంతా తిరిగాను. ఒకచోట ఇసుకలో చిన్న గుంటలు, వాటిల్లో మచ్చల గుడ్లు రెండేసి. పైన తెల్లటి పిట్టలు పసుప్పచ్చ ముక్కులతో నా నెత్తిమీదికి దూకి అరిచాయి. అవతలి కొసన, పడుకున్న దూలంలాంటిది ఒకటి. దాని నోరు తెరిచి ఉంది. ఒక చిన్న పిట్ట దాని ముందు నిర్భయంగా నడుస్తోంది. నేను వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చి, "తాతా, మొసలి. జరగమని చెప్పు" అన్నాను.

"అది ముసల్ది బిడ్డా, దానికి ఇనరాదు" అన్నాడు పుట్టి తాత, అటు చూడకుండా.

నీడ పొట్టిదవుతూ వచ్చింది. పుట్టి తాత చివరికి ఒక మాట అన్నాడు. "దొరా, ఒక ఇగురం ఉంది. బొక్కల బట్ట కుక్కి, దాని మీద బరువున్న మనిషి గట్టిగ కూసుంటె గుండుదాంక పోతది. కుర్సీని మాత్రం నేను ఎక్కించ."

"ఎవరు కూసుంటరు?"

పుట్టి తాత ఇసుకను చూశాడు. "బిడ్డకు బరువు లేకపాయె. తమరు జర కూసుంటె..."

"నేనా? బొక్క మీద?"

ఆ మాట విని నాకు నవ్వు వచ్చింది. అత్తమ్మ ముఖం చూసి మింగాను. ఆవిడ బాపు ఎదుటికి వచ్చి నిలబడింది. తమ్ముడితో అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"పొద్దు చూడు తమ్మీ. కుర్చీ కావాల్నా, పిడికిలి కావాల్నా? ఒక్కటి చెప్పు."

"నేను పుట్టి అడుగున తడిబట్టల కూసోని, ఆ సర్పంచు ముందల దిగుతనా అక్కా?"

"ఆ పిలగాన్ని ఎప్పుడన్న చూసినవా నువ్వు? మాట్లాడినవా?"

"వాళ్ల నాయిన మన వాకిట్ల నిలబడేటోడు."

"ఇప్పుడు నువ్వు ఇసుకల కూసున్నవ్" అంది అత్తమ్మ.

బాపు ఎండకు చెయ్యి అడ్డం పెట్టి గుండు వైపు చూశాడు. తరవాత భుజం మీది జరీ కండువా తీసి నా చేతిలో పెట్టాడు. "బొక్కల ఇది కుక్కుండ్రి. మీరు పోండ్రి. బిడ్డ వేస్తది. మన ఇంటి చెయ్యే గద."

అత్తమ్మ కండువా మీద కూర్చుంది. నేను సంచి పట్టుకున్నాను. పుట్టి తిరిగినప్పుడల్లా వెనక్కి కనిపించాడు బాపు. తెల్లటి ఇసుక మీద నల్లటి కుర్చీ, అందులో నిటారుగా ఆయన. ప్రతి తిరుగుడికీ కొంచెం చిన్నవాడయ్యాడు.

గుండు చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. మెట్ల మీద జనం. ఎదురుగా పళ్లెం పట్టుకుని ఒక యువకుడు. మోకాళ్లదాకా పంచె, చెరుకు కోసినవాళ్లకుండే గీతలు చేతుల మీద. ఆయనే సర్పంచు. పళ్లెంలో ప్యాలాలు నిండుగా ఉన్నాయి. ఒక్క గింజ పడలేదు.

"పొద్దు దాటింది, ఇంకెంతసేపు?" అని వెనకనుంచి ఎవరో గొణుగుతున్నారు. సర్పంచు వినిపించుకోకుండా అత్తమ్మకు చేయి అందించి దింపాడు. అత్తమ్మ చీర నడుము కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎవరూ నవ్వలేదు.

"పెద్దదొర ఆడ ఇసుకల కూసున్నది కనబడుతున్నది అమ్మా" అన్నాడు. "కండ్లముందల మనిషి ఉండంగ రాలేదని ఎట్లంటం? నేనే ఆగుమన్న."

ఒక ముసలాయనకు మాత్రం సందేహం వచ్చింది. "ఆడపిల్ల గద, మొదటి పిడికిలి ఎట్లేస్తది?"

"చేపలనడుగు పెద్దమనిషీ. వద్దంటె తినయి" అంది అత్తమ్మ.

నేను మెట్టు దిగి పిడికిలి తెరిచాను. ప్యాలాలు నీళ్ల మీద తెల్లగా పరుచుకున్నాయి. ఏమీ కాలేదు. గొణుగుడు కూడా ఆగింది. అప్పుడు కింది నలుపులోంచి ఒక వెలుతురు లేచినట్టయింది. బొచ్చె చేపలు, రవ్వ చేపలు, ఒక్కొక్కటి నా ఒడి నిండేంత, రాగిరంగు పొలుసులతో, ఒకదాని మీద ఒకటి, నోళ్లు గుండ్రంగా తెరిచి. నీళ్లు కనిపించలేదు, అంతా చేపలే. ఒకటి నా వేళ్లను మూతితో ఒత్తింది. మెత్తగా, దంతాలు లేని అవ్వ ముద్దు పెట్టినట్టు. సర్పంచు తన పిడికిలి నా తరవాత వేశాడు. తరవాత జనం వేశారు.

అత్తమ్మను గుండు మీద వదిలి, బాపును తీసుకురావడానికి పుట్టి తాతతో నేనే పోయాను. ఎవరో తారు ముద్ద ఇస్తే కన్నానికి మెత్తి, దాని మీద కండువాను మళ్లీ కుక్కారు. మేం దిబ్బ చేరినా బాపు కుర్చీలోంచి లేవలేదు.

"వచ్చినయా?"

"వచ్చినయి బాపూ. నా చెయ్యి ముట్టినయి."

ఆయన ముఖం వెలిగింది. అది ఒక్క క్షణమే. "పొద్దు దాటింది గదా?"

"దాటింది. ఆగిండ్రు."

"ఎవలు ఆపిండ్రు?"

"సర్పంచు."

"మంది అందరు ఆగిండ్రా, ఆయన మాటకు?"

"ఆగిండ్రు."

గాలికి ఇసుక ఆయన పాదాల మీదికి చేరుతోంది. ఆయన దాన్ని దులుపుకోలేదు.

"మంది ఎవరి మాటకు ఆగుతరో పిడికిలి వాళ్లది" అన్నాడు. "అది ఇగ మనది కాదు బిడ్డా. వచ్చే ఏడు ముందుగాల ఆయన్నే వెయ్యమని చెప్పాలె. నేనే చెప్పాలె."

లేచాడు. పుట్టి దగ్గరికి నడిచి, అంచు పట్టుకుని, అడుగున కండువా ముడి మీద, తడిలో, మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చున్నాడు. కూర్చోవడం చేతగాక ఒకసారి పక్కకు పడి సర్దుకున్నాడు.

పుట్టి తాత తెడ్డు ఎత్తి ఇసుక మీద మిగిలినదాన్ని చూపించాడు. "దొరా, కుర్సీ..."

"ఉండనియ్యి."

దిబ్బ వదిలి పుట్టి తేలింది. నీళ్లు ఆయన చెవి పక్కనే ఉన్నాయి. వేళ్లు అంచు దాటించి నీళ్లలో ఆనించాడు. అన్నేళ్లు ఆ ఒడ్డునే బతికిన మనిషి.

"కాకా," అన్నాడు, "నువ్వు ఈత ఎన్నేండ్లప్పుడు నేర్సుకున్నవ్?"

పుట్టి తాత తెడ్డు వేయడం మరిచిపోయాడు. పుట్టి నది నడుమ ఒక పూర్తి చుట్టు తిరిగింది. "యాది లేదు దొరా" అన్నాడు చివరికి. "నన్నెవలు అడగలే."

ఆ తరవాత ఆ గుండు మీద ఎక్కువ శివరాత్రులు జరగలేదు. ప్రాజెక్టు వచ్చింది. ఊరి వాళ్లు ఎవరికి తోచిన చోటికి వాళ్లు లేచిపోయారు. మా ఇంటికి ఇక ఏ మర్యాదా మిగలలేదు. మర్యాదలు లేకుండా బతకడం కష్టమేమీ కాదు. అలసట మాత్రం ఉంటుంది. బాపు బోధన్‌లోనే పోయాడు. అత్తమ్మ పోయింది. పుట్టి తాత ఎక్కడ పోయాడో నాకు తెలియదు. నేను బాపు కూతురిని. నడుము వంచి ఎవరినీ ఏమీ అడగలేదు, అడగాల్సినప్పుడు కూడా. దానివల్ల నాకు దూరమైన మనుషులు కొందరున్నారు. వాళ్లను ఏ వరసతో పిలవాలో నాకు తెలియక కాదు, నోరు రాలేదు. ఆయనకు ఒక్కసారైనా కాకా అని వచ్చింది. ఆ పిలుపు విన్నవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను.